చవక రూటర్‌తో చెక్కపని: చేయి తిరగడానికి ముందు ఆధారం బిగించడం నేర్చుకోవాలి

ప్రశ్న: నేను హనుమకొండలో ఉద్యోగం చేస్తున్నాను. ఊళ్లో మా పాత ఇల్లు విప్పినప్పుడు దాచిపెట్టుకున్న టేకు తలుపు పలకతో దేవుడి గదిలోకి ఒక అర చేయాలనుకుని, చెక్క అంచులనూ గాడులనూ కోసే చిన్న కరెంటు యంత్రం రూటర్‌ను రెండు వేల రూపాయల లోపు, దానికి తగిలించే కోత మొనలు, అంటే బిట్లు, పదిహేను ఉన్న పెట్టెనూ కొన్నాను. అంచు గుండ్రం చేయబోతే చెక్క కొన్నిచోట్ల నల్లగా మాడింది, ఒక మూల దగ్గర పెచ్చు ఎగిరిపోయింది, ఒకసారి యంత్రం చేతిలోంచి లాక్కున్నట్టు ముందుకు దూకింది. మా వీధిలోని వడ్రంగి చూసి, “ఇది ఇళ్లల్లో వాడుకునే వస్తువు కాదు సార్, అమ్మేయండి” అన్నాడు. దీన్ని అమ్మేసి మంచి కంపెనీ యంత్రం కొనమంటారా, లేక ఈ ప్రయత్నమే మానుకోమంటారా? దీనితోనే నేర్చుకోవచ్చు అంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: అమ్మవద్దు, ఖరీదైనది ఇప్పుడే కొననూ వద్దు. మీరు రాసిన మూడు ఇబ్బందుల్లో ఏ ఒక్కటీ యంత్రం ధర తక్కువ కావడం వల్ల వచ్చినట్టు కనిపించడం లేదు. యంత్రం ముందుకు దూకడానికి దాన్ని నడిపిన దిశ కారణం, మూల విరగడానికి అంచులు కోసిన వరుస కారణం, చెక్క మాడడానికి వేగం గానీ బిట్టు గానీ కారణం. పదింతలు ఖరీదైన యంత్రంతో ఇదే విధంగా పనిచేసినా ఇవే జరుగుతాయి, కాకపోతే దాని బలం ఎక్కువ కాబట్టి ఇంకా గట్టిగా జరుగుతాయి. అయితే చవక యంత్రానికి ప్రత్యేకంగా ఉండే బలహీనతలు కొన్ని ఉన్నాయి. వాటిని ఒక్కసారైనా పరీక్షించకుండా మళ్లీ స్విచ్ వేయవద్దని కోరుతున్నాను. వాటి సంగతి కొంచెం తరువాత చెబుతాను.

మీ వడ్రంగి మాటలో కొంత నిజం ఉంది. ఆయన చేతిలోని ఉలి ప్రతి దెబ్బకూ ఎంత లోతు దిగిందో, నార ఎటు తిరిగిందో చేతికి తెలియజేస్తుంది, తప్పు అనిపిస్తే ఆ క్షణమే ఆగవచ్చు. మీ దగ్గరున్న రకం చిన్న రూటర్లు, మన దుకాణాల్లో ట్రిమ్మర్ అని పిలిచేవి, సాధారణంగా 500 నుంచి 550 వాట్ల బలంతో నిమిషానికి దాదాపు 30,000 చుట్లు తిరుగుతాయి. అంటే సెకనుకు 500 చుట్లు. బిట్టుకు రెండు పళ్లుంటే సెకనుకు వెయ్యి కోతలు పడుతున్నాయన్నమాట. ఆ వేగంలో చేయి గ్రహించి సరిదిద్దుకునే వ్యవధి ఉండదు. అందువల్ల రూటర్‌ను చేతి నైపుణ్యంతో నడిపే పనిముట్టుగా భావించడమే మొదటి పొరపాటు. అది ఎప్పుడూ ఏదో ఒక ఆధారాన్ని ఆనుకునే నడవాలి. ఆ ఆధారం బిట్టు చివరనుండి చెక్క అంచును ఆనుకుని తిరిగే చిన్న చక్రం, అంటే బేరింగు కావచ్చు, పక్కన బిగించిన తిన్నని పట్టీ కావచ్చు, కింద అతికించిన అచ్చు కావచ్చు. రూటర్ నేర్చుకోవడమంటే స్విచ్ వేయడానికి ముందే ఆ ఆధారాన్ని కదలకుండా ఏర్పాటు చేయడం నేర్చుకోవడం. ఏర్పాటుకు పావుగంట, కోతకు అర నిమిషం పడితే పని సరిగ్గా జరుగుతున్నట్టే.

ఇప్పుడు యంత్రం దూకిన విషయం. పైనుంచి చూస్తే బిట్టు గడియారం ముల్లు తిరిగే దిశలోనే తిరుగుతుంది. పలక మీకు ఎదురుగా బల్లమీద ఉండి, మీ వైపున్న అంచును కోస్తున్నారనుకుందాం. యంత్రాన్ని ఎడమనుంచి కుడికి నడిపితే బిట్టు పళ్లు మీ నడకకు ఎదురు వచ్చి చెక్కను కోస్తాయి. చేతికి ఒక నిలకడైన ఎదురు బలం తెలుస్తుంది, బేరింగు తనంతట తానే అంచుకు ఆనుకుని ఉంటుంది. కుడినుంచి ఎడమకు నడిపితే పళ్లు చెక్కను పట్టుకుని చక్రంలాగా దాని వెంట పరుగెత్తుతాయి, అప్పుడే యంత్రం చేతిలోంచి లాక్కున్నట్టు దూకుతుంది. మీకు జరిగింది ఇదేనని నా గట్టి అభిప్రాయం. పలక నాలుగు వైపులా తిరగవలసి వస్తే, పైనుంచి చూసినప్పుడు గడియారానికి వ్యతిరేక దిశలో తిరగండి. పలక మధ్యలో కోసిన రంధ్రం లోపలి అంచులైతే గడియారం దిశలో తిరగాలి. మొదట్లో ఇది తికమకగానే ఉంటుంది కాబట్టి, కోయబోయే ప్రతి అంచు పక్కనా పెన్సిల్‌తో ఒక బాణం గుర్తు గీసుకుని, ప్లగ్ తీసేసి ఉన్న యంత్రాన్ని ఆ బాణం వెంట ఒకసారి ఉత్తుత్తిగా నడిపి చూడండి. అలా నడిపినప్పుడే వైరు ఎక్కడ అడ్డం పడుతుందో, పలకను బల్లకు బిగించే క్లాంపు పిడి ఎక్కడ తగులుతుందో, చివరికి వచ్చేసరికి మీ మోచేయి ఎలా మెలిపడుతుందో అన్నీ బయటపడతాయి.

మూల విరగడం గురించి. చెక్కను నారకు అడ్డంగా కోసిన రెండు చివరల మీద బిట్టు నడిచినప్పుడు, ఆ చివర దాటే చోట నారకు వెనుకనుంచి ఆసరా ఉండదు కనుక అక్కడ పెచ్చు లేస్తుంది. అందుకే ముందు ఆ రెండు అడ్డ చివరలను, ఆ తరువాతే నార వెంట ఉన్న పొడవు అంచులను కోయాలి. మొదటి కోతలో మూల కాస్త చిట్లినా, పొడవు అంచు కోసేటప్పుడు ఆ చిట్లిన భాగం చాలావరకు తొలగిపోతుంది. ఒక్క అడ్డ చివరను మాత్రమే కోయవలసి వస్తే, అదే మందం గల పనికిరాని ముక్కను మూలకు ఆనించి క్లాంపుతో బిగించండి. అప్పుడు చిట్లేది ఆ ముక్క గానీ మీ పలక కాదు.

చెక్క మాడడానికి కారణాలు ఒకటికంటే ఎక్కువ కాబట్టి మచ్చను దగ్గరగా చూడాలి. గుండ్రం చేసిన వంపు మొత్తం గోధుమరంగుకో నలుపుకో తిరిగితే, మీరు చాలా నెమ్మదిగా నడిపి ఉంటారు, లేదా మధ్యలో ఆగి ఉంటారు, లేదా బిట్టు మొద్దుబారి ఉంటుంది. అలా కాకుండా వంపుకు కింద, బేరింగు ఆనే చోట మాత్రమే సన్నని నల్లగీత ఉంటే, బేరింగు తిరగకుండా బిగుసుకుపోయి బిట్టుతోపాటే గిర్రున తిరుగుతూ చెక్కను రాస్తోందని అర్థం. ప్లగ్ తీసి, బేరింగును వేలితో తిప్పి చూడండి. అది స్వేచ్ఛగా తిరగకపోతే ఆ బిట్టు వాడవద్దు. కొత్తగా నేర్చుకునేవారు భయంతో నెమ్మదిగా నడుపుతారు, అది సహజమే. కానీ ఈ యంత్రం విషయంలో నెమ్మదితనం జాగ్రత్త అనిపించుకోదు. జాగ్రత్త లోతు తగ్గించడంలో ఉంది. ఒకేసారి ఆరు మిల్లీమీటర్లు దించకుండా రెండేసి మిల్లీమీటర్ల చొప్పున దించుకుంటూ, ప్రతిసారీ ఆగకుండా సమానమైన వేగంతో నడపండి. సరైన వేగాన్ని చెవి చెబుతుంది. ఖాళీగా తిరిగేటప్పటి కూతకంటే కోసేటప్పుడు స్వరం కొంచెం దిగాలి. బాగా మూలిగితే మీరు ఎక్కువగా తోస్తున్నారు, ఏమీ దిగకపోతే బిట్టు కోయకుండా రాస్తోంది.

టేకులో నూనె, జిగురు ఎక్కువ కాబట్టి బిట్టు పళ్ల వెనుక నల్లని పొర పేరుకుంటుంది. దానివల్ల కొత్త బిట్టు కూడా మొద్దుబారినట్టే ప్రవర్తిస్తుంది. బిట్టును యంత్రం నుంచి తీసి, కిరోసిన్‌లోనో టర్పెంటైన్‌లోనో కొద్దిసేపు ఉంచి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పొర వదులుతుంది. బేరింగు ఉన్నదైతే ముందు బేరింగును విప్పి పక్కన పెట్టండి, ఎందుకంటే దాని లోపలి గ్రీజు కరిగిపోకూడదు. మీ పలక పాత తలుపుది కనుక ఇంకొక హెచ్చరిక అవసరం: అలాంటి చెక్కలో తల విరిగి లోపల మిగిలిపోయిన మేకులు తరచుగా ఉంటాయి. బలమైన అయస్కాంతాన్ని దారానికి కట్టి పలక మీద అంగుళం అంగుళం జరుపుతూ చూడండి, మేకు ఉన్నచోట అది అతుక్కుంటుంది. బిట్టు పళ్లకుండే కార్బైడ్ అనే పదార్థం గట్టిదే కానీ పెళుసుది. మేకు తగిలితే పలుకులుగా విరిగి ఎగురుతుంది. తలుపుకు పాత రంగు ఉంటే దాన్ని రూటర్‌తో గానీ సాండ్‌పేపర్‌తో గానీ పొడి చేయకండి. ఇంటి రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు, అంటే పది లక్షల భాగాల్లో 90కి, పరిమితం చేసే నిబంధన మన దేశంలో అమలులోకి వచ్చింది 2017 నవంబరులోనే కాబట్టి, అంతకు ముందటి రంగులో సీసం ఉండే అవకాశాన్ని కొట్టివేయలేం. రంగు తొలగించే ద్రావకంతో తడిగా గీకి తీయడమే మంచిది.

చవక యంత్రంలో అన్నిటికంటే ముందు అనుమానించవలసింది బిట్టును పట్టుకునే కాలెట్‌ను. మన బజారులో 6 మిల్లీమీటర్ల కాడ (కాలెట్‌లోకి దూరే భాగం) ఉన్న బిట్లు, పావు అంగుళం అంటే 6.35 మిల్లీమీటర్ల కాడ ఉన్న బిట్లు రెండూ అమ్ముతారు. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. పావు అంగుళం కాలెట్‌లో 6 మిల్లీమీటర్ల కాడను బిగిస్తే గట్టిగా పట్టినట్టే అనిపించి, కోతలో ఉండగా జారుతుంది. కాబట్టి సన్నని మందాలు కొలిచే వెర్నియర్ కొలబద్దతో కొలిచి, కాలెట్‌తో సరిపోయిన బిట్లనే ఉంచుకోండి. బిగించేటప్పుడు కాడను లోపలికి పూర్తిగా దింపి, రెండు మూడు మిల్లీమీటర్లు పైకి లాగి, అప్పుడు రెండు స్పానర్లతో బిగించాలి. అడుగున తగిలి ఉన్న కాడను కాలెట్ సరిగా పట్టదు. బిట్టు లేకుండా ఖాళీ కాలెట్‌ను మాత్రం ఎన్నడూ బిగించకండి, దాని ఆకారం పాడవుతుంది. తరువాత మార్కర్ పెన్నుతో నట్టు అంచు దగ్గర కాడ మీద ఒక సన్నని గీత గీసి, వేస్టు చెక్కలో రెండు మూడు కోతలు కోసి, ప్లగ్ తీసి చూడండి. గీత ఉన్నచోటే ఉంటే కాలెట్ నమ్మదగినది. గీత జరిగినా, మాయమైనా బిట్టు జారుతోందన్నమాట. ఆ స్థితిలో యంత్రాన్ని వాడకుండా కొత్త కాలెట్ వేయించండి, దొరకకపోతే యంత్రాన్ని వాపసు చేయండి. యంత్రం ఈ ఒక్క పరీక్షలో విఫలమైతే మాత్రం వడ్రంగి చెప్పినట్టే దాన్ని వదిలించుకోండి.

రెండవది లోతు బిగించే మర. యంత్రం ఆనే అడుగు భాగాన్ని బేసు అంటారు; చవక బేసుల్లో ఆ మర కంపనానికి వదులవుతుంది, అందువల్ల గాడి ఒక చివర 4, మరొక చివర 6 మిల్లీమీటర్ల లోతు పడడం జరుగుతుంది. బిగించాక యంత్రాన్ని చేతితో గట్టిగా కిందికి నొక్కి చూసి, జారకపోతేనే మొదలుపెట్టండి. మూడవది స్విచ్. ఈ రకం యంత్రాల్లో అది పక్కకు జరిపే మామూలు స్విచ్ కనుక, ఆన్‌లో ఉండగా ప్లగ్ పెడితే యంత్రం బల్లమీదనుంచి లేచిపోతుంది. ప్లగ్ పెట్టే ముందు స్విచ్ చూడడం, బిట్టు మార్చే ముందు ప్లగ్ తీయడం అలవాటుగా మారాలి. మోటారులోని కార్బన్ బ్రష్షులు అరిగితే లోపల నిప్పురవ్వలు పెరుగుతాయి, అవి మార్చుకోదగినవే.

ఈ యంత్రాల్లో చాలావాటికి వేగం తగ్గించే సదుపాయం ఉండదు. ఇది చిన్న విషయంలా కనిపించినా, మీ పెట్టెలోని పదిహేను బిట్లలో ఏవి వాడాలో నిర్ణయించేది ఇదే. 30,000 చుట్ల వేగంలో 6 మిల్లీమీటర్ల బిట్టు అంచు గంటకు సుమారు 34 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది, 25 మిల్లీమీటర్ల బిట్టు అంచు 140 కిలోమీటర్లు దాటుతుంది. వెడల్పు పెరిగినకొద్దీ అంచు వేగం, దానితోపాటు చేతికి తగిలే కుదుపు పెరుగుతాయి. అందువల్ల 25 మిల్లీమీటర్లకు మించిన బిట్లను ఈ యంత్రానికి పెట్టవద్దు, అంతకు తక్కువ వాటిని కూడా బిట్టు మీదో పెట్టె మీదో ముద్రించిన గరిష్ఠ వేగం చూసి వాడండి. మీకు నిజంగా అవసరమయ్యేవి మూడే: 6 మిల్లీమీటర్ల తిన్నని బిట్టు, అంచు గుండ్రం చేసే చిన్న బేరింగు బిట్టు, అచ్చు వెంట నడిచే బేరింగు ఉన్న తిన్నని బిట్టు. ఖర్చు పెట్టాలనుకుంటే ఈ మూడింటినీ మంచి కార్బైడ్‌లో విడిగా కొనండి, నాలుగు గట్టి క్లాంపులు కొనండి. యంత్రం మార్చడంకంటే దీనివల్లే కోతలో తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఒంటి రక్షణ విషయంలో రాజీ వద్దు. పక్కలు కూడా మూసి ఉండే కళ్లద్దాలు, చెవులకు మఫ్ లేదా ప్లగ్, ముక్కుకు ఎన్95 మాస్కు మూడూ పెట్టుకోండి. చెక్క ధూళిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే మనుషుల్లో క్యాన్సర్ కారకంగా వర్గీకరించింది. టేకు పొడి కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది కూడా. లుంగీ, భుజంమీది తువ్వాలు, వదులు చేతుల చొక్కా, మెడలో గొలుసు, చేతికి ఉంగరం ఏవీ ఉండకూడదు. చేతితొడుగులు రక్షణ అనుకుంటారు గానీ తిరిగే బిట్టు దగ్గర వాటి దారం చిక్కితే వేలినీ లాగేస్తుంది కనుక అవి వద్దు. స్విచ్ ఆపాక కూడా బిట్టు కొన్ని క్షణాలు తిరుగుతూనే ఉంటుంది, అది పూర్తిగా నిలిచేవరకు యంత్రాన్ని కింద పెట్టకండి. వరండాలో పనిచేస్తే ఎక్స్‌టెన్షన్ బాక్సు తడి తగలని చోట ఉండాలి. మీ ఇంటి బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే స్విచ్) లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పెట్టించుకోండి.

సాధన టేకు మీద మొదలుపెట్టకండి. ప్యాకింగ్ పెట్టెల చెక్క గానీ, అడితిలో దొరికే మామిడి ముక్కలు గానీ తెచ్చుకోండి. మొదట బేరింగు బిట్టుతో అంచులు మాత్రమే గుండ్రం చేయండి, ఎందుకంటే అక్కడ ఆధారం బిట్టులోనే ఉంది, మీరు దిశనూ వేగాన్నీ మాత్రమే చూసుకోవాలి. నాలుగు అంచులూ మాడకుండా, మూల చిట్లకుండా వచ్చేవరకు అదే చేయండి. ఆ తరువాత గాడి. ఇందుకు ఒక తిన్నని పట్టీని పలకకు రెండు చివరలా క్లాంపులతో బిగించి, రూటర్ బేసును దానికి ఆనించి నడపాలి. బిట్టు నుంచి పట్టీ ఎంత దూరంలో ఉండాలో లెక్క సులువే: బేసు వెడల్పు 90 మిల్లీమీటర్లు, బిట్టు 6 మిల్లీమీటర్లు అయితే 90లోంచి 6 తీసి సగం చేస్తే 42. పట్టీ వైపున్న గాడి అంచు గీతకు సరిగ్గా 42 మిల్లీమీటర్ల దూరంలో పట్టీ బిగించాలి. ప్రతిసారీ కొలవకుండా 42 మిల్లీమీటర్ల వెడల్పు ముక్కనొకదాన్ని కోసి ఉంచుకుంటే గీతకూ పట్టీకీ మధ్య దాన్ని పెట్టి బిగించవచ్చు. బిట్టు తిరిగే దిశవల్ల మీరు ముందుకు తోసేకొద్దీ యంత్రం ఎడమవైపుకు ఒరగడానికి చూస్తుంది. అందుకే పట్టీ ఎప్పుడూ మీ ఎడమ పక్కన ఉండాలి, అప్పుడు ఆ ఒరుగుడే యంత్రాన్ని ఆధారానికి అదిమి ఉంచుతుంది. కుడి పక్కన పెడితే అదే బలం యంత్రాన్ని పట్టీనుంచి దూరం చేసి గాడిని వంకర చేస్తుంది. గాడి తిన్నగా వచ్చాక, 9 లేదా 12 మిల్లీమీటర్ల ఎండీఎఫ్‌తో (చెక్క నారను అదిమి చేసిన పలకతో) ఒక వంపు అచ్చు చేసి, చెక్కను ఆ వంపుకు రెండు మిల్లీమీటర్లు బయటగా రంపంతో కోసి, మిగిలిన అంచును అచ్చు వెంట రూటర్‌తో తీయడం నేర్చుకోండి. ఇంటి పేరు పలక మీద అక్షరాలు చెక్కడంలాంటి ఆధారంలేని పని అన్నిటికంటే చివరిది. వీడియోల్లో అదే ముందు చూపిస్తారు, ఒక చేత్తో పట్టుకుని గీసినట్టు గీస్తారు. ఆ చేతికి ఎన్నో ఏళ్ల అలవాటు ఉంటుంది. యంత్రాన్ని బల్ల కింద తలకిందులుగా బిగించి వాడడం కూడా ఇప్పుడే వద్దు. అక్కడ చెక్కను నడిపే దిశ తారుమారవుతుంది, వేలు తిరిగే బిట్టుకు దగ్గరవుతుంది.

ఒక్క అరకు నాలుగు అంచులు మెత్తగా చేయడమే అవసరమైతే చిత్రికతో నాలుగు తోపులు తోసి, సాండ్‌పేపర్‌తో రుద్దినా సరిపోతుంది, అది తక్కువ పనేమీ కాదు. అరలు గాడుల్లో కూర్చునే గూడు, ఒకే కొలతలో నాలుగైదు పలకలు, వెనుక పలక దిగే గాడి కావాలనుకున్నప్పుడే రూటర్ తన ధరకు న్యాయం చేస్తుంది. మీ వడ్రంగిని దూరం చేసుకోకండి. చెక్క నార చూసి ఎటునుంచి కోయాలో చెప్పగలిగే మనిషి మీ వీధిలోనే ఉండడం మంచి అవకాశం. సాధన ముక్కలు ఆయనకు చూపించి అడగండి.

ఇక మీ టేకు పలక. మామిడి ముక్కల మీద అంచులు శుభ్రంగా వచ్చాక, అయస్కాంతంతో మేకులు చూసుకుని, విరిగిన మూల పోయేటంత మేర ఆ చివరను రంపంతో కోసేయండి. అయిదారు మిల్లీమీటర్లు తగ్గినా అరకు లోటు రాదు. ఎగిరిన పెచ్చు దొరికితే ఫెవికాల్ పెట్టి, టేపుతో అదిమి, ఒక రాత్రి ఆరనిచ్చి అతికించుకోవచ్చు గానీ, దాని మీదుగా బిట్టు నడిస్తే మళ్లీ లేచే ప్రమాదం ఉంది కనుక నేను కోయడమే మేలంటాను. కొత్తగా వచ్చిన అడ్డ చివరను ముందు, పొడవు అంచులను తరువాత గుండ్రం చేయండి. బిట్టును పూర్తి లోతుకంటే అర మిల్లీమీటరు తక్కువగా పెట్టి ఒకసారి, పూర్తి లోతుకు దించి కొంచెం త్వరగా ఇంకొకసారి నడిపితే, పాత మాడు మచ్చలు కూడా ఆ చివరి పొరతోపాటు చాలావరకు పోతాయి. ఇంకా మిగిలిన చోట 120 నంబరు సాండ్‌పేపర్‌తో మొదలుపెట్టి 220 వరకు, నార వెంటే రుద్దండి.